భూకంపానికి ఒక సెంటీమీటరు

రాజ్యాల చరిత్రల్లో సరిహద్దులు మారిన తేదీలుంటాయి. బళ్లో పంతుళ్లు వాటిని బట్టీ పట్టిస్తారు. వాల్పరాయిసో రేవు మీదికి ఒరిగి కూర్చున్న మా మారిపోసాస్ కొండకు అలాంటి తేదీ ఒక్కటే ఉంది గానీ, దురదృష్టవశాత్తూ దాన్ని ఎవరూ రాసిపెట్టుకోలేదు. నిబాల్దో ఒయనెదెల్ అనే పెద్దమనిషి ఒక కిటికీ వెడల్పు కొలిచి, వచ్చిన అంకెలోంచి ఒక సెంటీమీటరు తీసేసి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా టోపీ పెట్టుకుని మెట్లు దిగిపోయిన రోజది. అంతకు ముందు మా కొండ మీద తెరలు కిటికీలకు సరిపోయేవి. ఆ తర్వాత సరిపోలేదు. మధ్యలో యుద్ధం గానీ విప్లవం గానీ ఏమీ జరగలేదు.

ఆ సెంటీమీటరు భూకంపానిది. నేల కదిలే దేశంలో కిటికీ చట్రం ఎప్పుడు ఎటు బిగుసుకుంటుందో చెప్పలేం. తెరను పట్టీపట్టనట్టు కాకుండా సరిగ్గా పట్టేలా కోస్తే, చిన్న కుదుపుకే అంచులు చట్రానికి రాసుకుని ఇరుక్కుపోతుంది. కనక దేవుడికి దీపం పెట్టినట్టు భూకంపానికి ఒక సెంటీమీటరు వదలాలి. ఇదీ నిబాల్దో సిద్ధాంతం. సిద్ధాంతంలో తప్పులేదు. చిక్కల్లా, ఇది భూప్రపంచంలో తనొక్కడికే తట్టిందని ఆయన నమ్మడంలో ఉంది. వృత్తి రహస్యం గనక కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. పాపం ఆవిడ ఏ సంగతీ తెలియకుండానే పోయింది.

ఆయన పుట్టుకతో కొలతగాడు కాడు. కుర్రతనంలో కొండ దిగువన గొడుగులు అమ్మాడు. వాన కురిసే నెలల్లో బతికాడు, కురవని నెలల్లో గొడుగుల గురించి మాట్లాడాడు. తర్వాత చెక్కపట్టీల తెరలు బాగుచేశాడు. అప్పుడు రోలర్ తెరలు వచ్చాయి. ఒక గొట్టం, దానికి చుట్టిన గుడ్డ, పక్కన పూసల గొలుసు. గొలుసు ఇటు లాగితే దిగుతుంది, అటు లాగితే లేస్తుంది. ఇందులో కొలత తప్ప నేర్చుకోవలసింది ఏమీ లేదని ఆయనకు మొదటిరోజే అర్థమైంది. అంచేత కొలతను ఒక మతంగా మార్చి, దానికి తానే పూజారి అయ్యాడు.

ఆ పూజావిధానం చూసి తీరవలసిందే. కిటికీ ముందు టోపీ తీస్తాడు. పైన ఒకసారి, నడుమ ఒకసారి, కింద ఒకసారి వెడల్పు కొలుస్తాడు. మూడింటిలో చిన్నది తీసుకుంటాడు. మా కొండ మీద ఆ మూడూ ఒకటే వచ్చిన కిటికీ ఇంతవరకు పుట్టలేదు. కొండవాలుకు ఇళ్లు, ఇళ్లవాలుకు కిటికీలు, కిటికీలవాలుకు మనుషులు. ఆయన టేపు చుట్టేసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, గొంతు తగ్గించి ఇంటావిడతో చెబుతాడు.

"నడుమ కొంచెం ఉబ్బింది, డోన్యా."

"అయ్యో! ప్రమాదమా మేస్త్రీ?"

"వయసుకి మామూలే. కంగారు పడకండి."

ఈ మాట విన్నాక మా కొండ మీద ఏ ఇల్లాలూ ఇంకో కొలతగాణ్ణి పిలవలేదు.

ఇక టీ సంగతి. మా వైపు సాయంత్రం ఇంటికొచ్చిన మనిషికి టీ, రొట్టె, ముద్దగా చిదిపి ఉప్పు చల్లిన పాల్తా అనే అవకాడో పండు పెట్టకుండా పంపడం, మొహం మీద తలుపు వేయడంతో సమానం. వచ్చినవాడు వద్దనడం, ఆ తలుపు తీసి మళ్లీ వేయడంతో సమానం. కాబట్టి నిబాల్దో కొలతలన్నీ సాయంత్రాలే పెట్టుకునేవాడు. కొలత కాసేపట్లో అయిపోయేది. టీ మాత్రం చీకటి పడేదాకా సాగేది. భార్య పోయాక ఆయన ఇంట్లో కెటిల్ పొయ్యెక్కలేదంటే అతిశయోక్తి కాదు.

ఎదెల్మీరా త్రొంకోసో ఇంట్లోనూ అలాగే మొదలైంది. ఆమె ట్రాలీబస్సు డ్రైవరు భార్య; అతను పోయి చాలాకాలమైంది. ఆడపిల్లల బళ్లో కుట్టుపని నేర్పి రిటైరైంది. సూది కంటే సూటిగా మాట్లాడుతుంది. మొదట వంటింటి కిటికీకి తెర కావాలంది. నిబాల్దో కొలిచాడు, టీ తాగాడు. తర్వాత పడగ్గదిది కొలిచాడు, టీ తాగాడు. తర్వాత మెట్ల దగ్గరి చిన్న కిటికీ. దానికి తెర అవసరం లేదని ఇద్దరికీ తెలుసు, అయినా కొలిచాడు. ఆ సాయంత్రం టీ తాగుతూ గదులన్నీ మనసులో లెక్కేసుకుని నిబాల్దో ఉలిక్కిపడ్డాడు. ఆ ఇంట్లో కొలవడానికి ఇక మిగిలింది ముందుగది పెద్ద కిటికీ ఒక్కటే. అది కూడా అయిపోతే ఆ గుమ్మం తొక్కడానికి ఆయనకు కారణం ఉండదు.

అందుకని పెద్ద కిటికీ కోసం పిలుపు వచ్చిన సాయంత్రం ఆయన టేపు బయటకు తీయలేదు. రొట్టె తుంచుతూ గొంతు సవరించుకున్నాడు.

"డోన్యా ఎదెల్మీరా, నేనొకటి అనుకుంటున్నాను. నాకు ఇంట్లో ఒక్కడికీ రొట్టె ఎక్కువవుతుంది. మీకు ఒక్కరికీ టీ ఎక్కువవుతుంది. రోజూ సాయంత్రం నేను రొట్టె తెస్తే..."

"రోజూనా?"

"ఆదివారం సెలవు తీసుకుంటాను, కావాలంటే."

ఎదెల్మీరా నవ్వు ఆపుకుంది. కప్పు కింద పెట్టి, వేలెత్తి కిటికీ చూపించింది.

"అటు చూడండి. ఏం కనపడుతోంది?"

లోయకు అవతలి ఒడ్డున, సరిగ్గా ఎదురుగా, ఆకుపచ్చ రేకుల ఇల్లు. దాని కిటికీలో ఎర్రపూల కుండీలు. కుండీల వెనక కుర్చీ. కుర్చీలో డోన్యా ఒటీలియా, శాలువా కప్పుకుని, మొహం ఇటే తిప్పుకుని, రాతిబొమ్మలా కూర్చుని ఉంది.

"ఒటీలియా," అన్నాడు నిబాల్దో.

"ఒటీలియాయే! పొద్దు వాలిందంటే చాలు, ఆ కుర్చీలో కొలువు. మొన్న మీరు రెండోసారి పాల్తా వడ్డించుకున్నారు. తెల్లారేసరికి రొట్టెల కొట్లో ఫ్రెసియా నన్నడుగుతుంది కదా, 'ఏం వదినా, మేస్త్రీకి ఆకలి బాగా వేస్తున్నట్టుందే' అని. నేను నలభయ్యేళ్లు ఆడపిల్లలకి మర్యాద నేర్పినదాన్ని. ఇప్పుడు నేను కొండకంతటికీ సర్కస్ చూపించాలా?"

"అయితే..."

"ఆ కంటికి అడ్డం పడేదాకా, దీపాలు పెట్టాక ఈ ఇంట్లో మగమనిషి టోపీ కనపడ్డానికి వీల్లేదు. కింద ఉండే మా అన్నయ్యది తప్ప."

"అడ్డం పడితే?"

ఎదెల్మీరా రొట్టెముక్కకు జామ్ రాసింది. అంచుదాకా, మూలమూలా రాసింది. చాలాసేపు రాసింది.

"పడితే అప్పుడు చూద్దాం," అంది.

నిబాల్దో చెవికి ఇది చర్చిలో పెళ్లిగంట. లేచి టోపీ తీశాడు. జీవితంలో ఇంత శ్రద్ధగా ఏ కిటికీనీ కొలవలేదు. పైన నూట నలభై ఒకటి, నడుమ నూట నలభై, కింద నూట నలభై రెండు.

"గోడ మీద బిగిస్తే ఈ కొలతల గొడవే ఉండదు కదా మేస్త్రీ? రెండువైపులా కాస్త ఎక్కువ గుడ్డ వేలాడేస్తే సరి," అంది ఎదెల్మీరా.

నిబాల్దో మొహం ముడుచుకుంది. "గోడ మీద బిగించేది కొలవడం రానివాళ్లు, డోన్యా. ఈ చట్రం చూడండి, మీ నాన్నగారు ఓడల కొయ్యతో చెక్కిన లతలు. వాటిమీద గుడ్డ కప్పడమా? నేను బతికుండగా జరగదు. తెర చట్రం లోపలే కూర్చుంటుంది. ఒటీలియా కాదు కదా, ఒటీలియా దగ్గరి దోమ కూడా లోపలికి తొంగిచూడలేదు."

ఒక్క క్షణం అహంకారం మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పడానికి మత గ్రంథాలున్నాయి గనక నేను కల్పించుకోను. నిబాల్దో రొట్టె చుట్టిన కాగితం మీద పెన్సిలుతో నూట ముప్పై తొమ్మిది అని రాశాడు. భూకంపానికి ఒకటి పోయింది. ఎప్పటిలాగే ఎవరికీ చెప్పలేదు. మామూలుగా ఆ కాగితం తనే గుడ్డ కోసే దుకాణానికి మోసుకెళ్లేవాడు. కానీ ఈసారి ఎదెల్మీరా, గుడ్డ రంగు తనే చూసుకుంటాననీ, కాగితం తనకిచ్చి వెళ్లమనీ అంది. కాబోయే ఇంటి యజమానురాలి మాట కాదనడం ఆయనకు చేతకాలేదు.

కాగితం ఆ రాత్రి బల్ల మీద ఉంది. కింది అంతస్తులో ఉండే ఎదెల్మీరా అన్న వెన్సెస్లావో పొద్దున్నే కాఫీకి పైకి వచ్చి దాన్ని చూశాడు. ఈయన నౌకాదళంలో సార్జెంటుగా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా ఒడ్డున పిండిబస్తాల గోదాములో గడిచింది, పడవెక్కితే వాంతులవుతాయి. అయినా ఇంట్లో ఏం చేసినా నౌకాదళం పద్ధతిలోనే చేస్తాడు. నూట ముప్పై తొమ్మిది చూసి తల విదిలించాడు. "ఓడల్లో అయితే తలుపుకీ చట్రానికీ మధ్య ఎడం వదులుతాం. భూకంపం వస్తే ఏం చేస్తాడట ఈ మేస్త్రీ?" అని తనలో తనే అనుకుని, చెల్లెలి మేలు కోరి, తొమ్మిదిని ఎనిమిదిగా దిద్దాడు. చెల్లెలికి చెబితే వాదన వస్తుందని చెప్పలేదు.

ఎదెల్మీరా కాగితం పట్టుకుని మెట్లు దిగుతూ ఆలోచించింది. పెద్ద భూకంపం వచ్చిన ఏడాది తన పడగ్గది తలుపు ఇరుక్కుపోయి, కిటికీలోంచి దూకవలసివచ్చింది. నిబాల్దో మంచివాడే గానీ, మగవాడు. మగవాళ్లకు ముందుచూపు ఉండదు. దుకాణంలో అడిగినప్పుడు నూట ముప్పై ఏడు అంది. ఆయన చిన్నబుచ్చుకుంటాడని ఆయనకు చెప్పకూడదని నిర్ణయించుకుంది.

గుడ్డ కోసేవాడి పేరు కుస్తోదియో. ఈ కొండ నుంచి వచ్చే ప్రతి కొలతలోనూ, వృత్తి ధర్మంగా, భూకంపానికి ఒక సెంటీమీటరు కోసేస్తాడు. చేతికి అందింది నూట ముప్పై ఏడు. కత్తెర నూట ముప్పై ఆరు దగ్గర కదిలింది. ఆపైన గొట్టం చివర్ల బిగించే మరకు గుడ్డలో మూడు సెంటీమీటర్లు ఎటూ పోతాయి. అవి ఎవరి తప్పూ కాదు, ప్రపంచమంతా పోతాయి.

మా కొండ మీద ఇన్నేళ్లుగా ప్రతి తెరకూ ఇటూ అటూ వేలు దూరే సందు ఎందుకుందో ఇప్పుడు పాఠకులకు అర్థమై ఉంటుంది. నిబాల్దో ఒకటి తీసేవాడు, కుస్తోదియో ఒకటి తీసేవాడు. రోలర్ తెర అంటేనే పక్కన సందున్న తెర అని జనం నమ్మకం. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. కానీ ఇది పెద్ద కిటికీ. పైగా ప్రేమ వ్యవహారం.

తెర వచ్చింది. పట్టపగలు బిగించాడు నిబాల్దో. బయట వెలుతురు, లోపల నీడ; సందులు కళ్లకు ఆనలేదు. ఏదో కాస్త తక్కువైనట్టు అనిపించింది గానీ, ఆ రోజు ఆయన మెడకు టై ఉంది. టై కట్టుకున్న మనిషి పని మీద మనసు పెట్టలేడు.

సాయంత్రం వెచ్చటి రొట్టెలు పట్టుకుని వచ్చాడు. ఎదెల్మీరా మంచి కప్పులు తీసింది. తెర దించింది. దీపం వేసింది. ఒటీలియా మాయమైంది; లోయ మాయమైంది; మారిపోసాస్ కొండ మొత్తం మాయమైంది. చరిత్రలో మొదటిసారి వాళ్లిద్దరూ ఏకాంతంగా టీ తాగారు.

అని వాళ్లనుకున్నారు.

బయటినుంచి చూస్తే జరిగింది వేరు. ఇన్నేళ్లూ ఆ కిటికీ తెరిచే ఉండేది. ఎవరో ఇద్దరు టీ తాగుతుంటే నిలబడి చూసేవాడెవడు? ఇప్పుడు చీకట్లో నల్లటి చదరం, దానికి అటొకటి ఇటొకటి నిట్టనిలువున రెండు వెలుగు గీతలు. ఎడమ గీతలో నిబాల్దో చెవి, భుజం, కప్పు పట్టుకున్న చెయ్యి. కుడి గీతలో ఎదెల్మీరా ముక్కు, చెంచా. ఆయన ముందుకు వంగితే గీతలోంచి పోయేవాడు. ఆవిడ కుర్చీ జరిపితే కనపడేది. కొండమెట్ల మలుపు దగ్గర మొదట ఒకరు ఆగారు. తర్వాత ముగ్గురు. రొట్టెల కొట్టు మూసి ఇంటికెళ్తున్న ఫ్రెసియా కూడా ఆగి, సంచీ దించింది.

"మొన్నటిదాకా మనుషులు కనపడేవాళ్లు. ఇవాళ సగాలు కనపడుతున్నాయి," అంది.

"రెండో సగం ఏం చేస్తోందో!" అన్నారెవరో.

"అదే కదా చూడాల్సింది," అంది ఫ్రెసియా, ఇంకాస్త పక్కకు జరిగి.

ఆయన టీ అయ్యాక తలుపు తీసుకుని బయటికొస్తే, మెట్ల మీద నుంచి చప్పట్లు వినపడ్డాయి. నిబాల్దో ఎవరికో పుట్టినరోజనుకున్నాడు.

మర్నాడు పొద్దున ఫ్రెసియా కొట్లో వరసలో ఒటీలియా నిలబడి ఉంది, బల్ల అంచు పట్టుకుని, ఎప్పటిలా తల ఎత్తి. నిబాల్దో పలకరించాడు. ఒటీలియా అటు తిరగకుండానే అంది:

"నిన్న చూశానులే మేస్త్రీ. అంతా చూశాను."

నిబాల్దో టోపీ తీసేశాడు. "ఏం చూశారు? రెండే రొట్టెలు తిన్నాను!"

"రెండా? నాకు మూడనిపించాయే."

"ఒట్టు. రెండే. మెంబ్రియో పండు జామ్‌తో."

"జామ్ ఆవిడ చేసిందేనా, కొన్నదా?"

"ఛ, ఛ, ఆవిడ చేసిందే. చక్కెర తక్కువ, అంతే."

"ఊఁ. అదే కనపడింది నాకూ," అంది ఒటీలియా సాలోచనగా. "మరి నీలం కప్పులు..."

"నీలం కాదు, బంగారు అంచువి. పెళ్లినాటివట."

"బంగారు అంచువే. వెలుగు తగిలి నీలంగా మెరిశాయి."

ఈ మాటలన్నీ మధ్యాహ్నానికల్లా, మార్గమధ్యంలో ఇంకాస్త బలిసి, ఎదెల్మీరా గుమ్మం ఎక్కాయి. సాయంత్రం నిబాల్దో వచ్చేసరికి తలుపు తెరిచే ఉంది. లోపల అన్నాచెల్లెళ్లిద్దరూ నిలబడి ఉన్నారు. వెన్సెస్లావో తెర కిందికి లాగి, సందులో తన అరచెయ్యి నిలువుగా దూర్చి చూపించాడు. చెయ్యి సుఖంగా పట్టింది.

"ఇదేంటయ్యా ఒయనెదెల్? దీన్ని తెర అంటారా, మెడకి కట్టుకునే రుమాలంటారా?"

"నేను... నూట ముప్పై తొమ్మిది..."

"జామ్‌లో చక్కెర తక్కువట!" అంది ఎదెల్మీరా. "నా జామ్‌లో! లోయ అవతల నుంచి చక్కెర చూసిందటండీ ఆ మనిషి! నా పెళ్లినాటి కప్పుల అంచు కూడా చూసింది! ఇంత సందులోంచి!"

నిబాల్దో టేపు తీసి తెర కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. మొహం తెల్లబడింది. "నేను రాసినదానికి మూడు తగ్గింది. నేను భూకంపానికి ఒక్కటే తీశాను, దేవుడి మీద ఒట్టు!"

వెన్సెస్లావో మీసం సర్దుకున్నాడు.

"నువ్వు తీశావా? నువ్వు తీయలేదనుకుని నేను తీశాను."

"అన్నయ్యా, నువ్వా! ఎవరూ తీయలేదనుకుని నేను తీశానే!"

"మరి మిగతా ఒక్కటీ?" అన్నాడు వెన్సెస్లావో.

"కుస్తోదియో," అన్నాడు నిబాల్దో నీరసంగా. ఇన్నేళ్ల తన తెరలన్నీ ఆయన కళ్ల ముందు ఒకదాని వెనక ఒకటి దిగాయి. ప్రతిదానికీ పక్కన వేలంత వెలుగు. భూకంపం గురించి తెలిసిన మనిషి తనొక్కడే కాదనీ, దేశంలో ప్రతివాడికీ తెలుసనీ, ప్రతివాడూ గుట్టుగానే ఉంచాడనీ ఆయనకు ఒక్కసారిగా బోధపడింది. కుర్చీ కోసం చెయ్యి చాచాడు.

"కూర్చోకండి," అంది ఎదెల్మీరా. "తప్పు నలుగురిదీ. ఒప్పుకుంటాను. కానీ వాళ్లు తొంగిచూసింది నా ఇంట్లోకి. మీరు రావద్దు మేస్త్రీ. ఇంకో తెర వద్దు, గోడ మీద వద్దు, ఏమీ వద్దు. ఆ మనిషి అక్కడ కూర్చున్నంత కాలం నేనీ గదిలో ఎవరితోనూ టీ తాగలేను."

వెన్సెస్లావో ఆయన్ని మెట్ల దాకా సాగనంపి, గొంతు తగ్గించి అన్నాడు: "నౌకాదళంలో అయితే ఇలాంటప్పుడు శత్రువు ఓడ మీదికే వెళ్లిపోతాం."

"మీరు వెళ్లారా ఎప్పుడైనా?"

"నేను పిండిబస్తాలు పంపాను."

నిబాల్దో వెళ్లాడు. లోయ దిగి, అవతలి ఒడ్డు ఎక్కి, ఆకుపచ్చ రేకుల ఇంటి ముందు నిలబడి ఊపిరి తీసుకున్నాడు. మాటలు దారిలోనే కూడబలుక్కున్నాడు. మర్యాదగా మొదలుపెట్టాలి, కుర్చీ కాస్త పక్కకు తిప్పుకోమని బతిమాలాలి, ఆపైన అవసరమైతే తన ఒంటరితనం గురించి కూడా చెప్పాలి. తలుపు తోసే ఉంది. ఒటీలియా కిటికీ దగ్గర కుర్చీలోనే ఉంది. లోపల రేడియో సన్నగా పాడుతోంది.

"ఎవరది?"

నిబాల్దో దీపం వెలుగులో, ఆవిడకు ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి ఉన్నాడు.

"నేనే, డోన్యా."

"ఓ, మేస్త్రీవా! గొంతు చెప్పింది. అడుగుల చప్పుడు మాత్రం పోస్టువాడిదనుకున్నాను. కూర్చో, అక్కడ పిల్లి లేకపోతే."

నిబాల్దో కుర్చీ తడిమి కూర్చున్నాడు. ఆవిడ కళ్లలోకి చూశాడు. రెండు నల్లగుడ్ల మీదా పాలమీగడ కట్టినట్టు తెల్లటి పొర.

"డోన్యా... మీకు కనపడదా?"

ఒటీలియా శాలువా దగ్గరికి లాక్కుంది. రేడియో గొంతు తగ్గించింది. "ఎవరితోనూ అనకు. శుక్లాలట. ఆపరేషన్ చేస్తామన్నారు, పేరు వరసలో ఉందట, పిలుస్తారట. ఎప్పుడో పిలుస్తారు. ఇక్కడ కూర్చునేది ఎండకి. మోకాళ్లకి మంచిది. పొద్దు వాలాక కూడా అద్దం కాసేపు వెచ్చగా ఉంటుంది."

"మరి నిన్నటి టీ... కప్పులు... జామ్..."

"నువ్వు చెప్పావు కదయ్యా."

నిబాల్దో ఒళ్లో టోపీని ఒక చుట్టు తిప్పాడు.

"కళ్లు పోయాయని తెలిస్తే నాకెవరు ఏం చెప్తారు?" అంది ఒటీలియా, కోపం లేకుండా. "పాపం ముసలిది అని తల నిమిరి పోతారు. అదే 'చూశానులే' అన్నాననుకో, నేను తప్పు చూశానేమోనని కంగారుపడి, ఉన్నదున్నట్టు వాళ్లే చెప్తారు. ఫ్రెసియా చెప్తుంది, పోస్టువాడు చెప్తాడు. నువ్వయితే వడ్డించి మరీ చెప్తావు. ఇంతకీ ఏం పని మీద వచ్చావు? నాకూ తెర పెడదామనా? వద్దు, ఎండ పోతుంది."

నిబాల్దో వచ్చిన పని చెప్పలేదు. మర్యాద ప్రకారం టీ తాగాడు. తిరిగి లోయ దాటి ఎదెల్మీరా తలుపు తట్టాడు. "రావద్దన్నాను కదా" అన్న మాట సగంలో ఉండగానే ఒటీలియా కళ్ల సంగతి చెప్పేశాడు. జామ్ గురించి ఎవరు చెప్పారో మాత్రం చెప్పలేదు. అందరూ అన్నీ చెప్పుకుంటూ పోతే ఏ సంసారం నిలుస్తుంది?

ఎదెల్మీరా తెర సందులోంచి అవతలి ఒడ్డు వైపు చూసింది. కుండీల వెనక శాలువా కదలకుండా ఉంది.

"ఎంతకాలంగా?"

"మూడేళ్లు దాటిందట."

"మూడేళ్లు!" అంది. తలమీది పిన్నులు సర్దుకోబోయి చెయ్యి మధ్యలో ఆపేసింది. "అయితే నేను ప్రతి సాయంత్రం జుట్టు దువ్వుకుని, మంచి బ్లౌజు వేసుకుని, ఈ కుర్చీలో నిటారుగా కూర్చున్నది ఎవరికోసమండీ?"

నిబాల్దో తన కోటు గుండీలు సరిచేసుకున్నాడు.

"దారిలో ఫ్రెసియాకి చెప్పలేదు కదా?"

"లేదు."

"చెప్పకండి. పాపం, ఒక్కర్తే ఉంటుంది." కెటిల్ పొయ్యి మీద పెట్టింది. "రొట్టె తెచ్చారా?"

"తేలేదు. మీరు రావద్దన్నారు."

"రేపు తెండి."

అప్పటినుంచి ఆయన రోజూ వెళ్తున్నాడు, ఆదివారం కూడా. తెర పైకి చుట్టేసి ఉంటుంది. లోపల దీపం వెలుగుతూ ఉంటుంది. ఇద్దరూ కిటికీ ముందు పూర్తిగా కనపడేలా కూర్చుని టీ తాగుతారు. మెట్ల మీద జనం ఇళ్లకు పోతుంటారు. ఎవరూ చూడరు.